హైదరాబాద్ ఇంట్లో కరెంటు, గ్యాస్, పెట్రోలు ఖర్చు తగ్గించుకోవడం ఎలా

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలని అనుకున్నవారు ఎక్కువగా ముందు దుకాణానికి వెళ్తారు. ఒకరు ఇండక్షన్ స్టవ్ తెస్తారు, ఒకరు ఫైవ్ స్టార్ ఏసీ బిగిస్తారు, మరొకరు అప్పు చేసి మిద్దె మీద సోలార్ పెట్టిస్తారు. ఇవన్నీ మంచి వస్తువులే. కాని తెలంగాణలో ఇళ్లకు కరెంటు ధర లెక్కగట్టే పద్ధతి వల్ల ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరుస చాలా ముఖ్యం. వరుస కుదిరితే చిన్న ఖర్చుతోనే నెలకు ఆరేడు వందలు మిగులుతాయి, తప్పితే గ్యాస్ మీద ఆదా చేసిన దానికంటే ఎక్కువ కరెంటు బిల్లులో పోతుంది. కాబట్టి ఈ పనులను కింద రాసిన క్రమంలోనే చేయమని కోరుతున్నాను.

ముందు 12 నెలల బిల్లులు తీయండి

పాత బిల్లులు దాచుకోకపోయినా ఇబ్బంది లేదు. బిల్లు మీద ఉండే యూనిక్ సర్వీస్ నంబరుతో మన విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ యాప్‌లోగాని వెబ్‌సైట్‌లోగాని గత నెలల వాడకాన్ని చూడవచ్చు. నెలనెలా కాలిన యూనిట్లను ఒక కాగితం మీద వరుసగా రాసుకుని, ఏ నెలల్లో 200 దాటారో గుర్తు పెట్టండి. మీరు చేయబోయే పనుల్లో సగం ఆ గుర్తులే నిర్ణయిస్తాయి.

2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం, నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లకు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50కి 3.10 చొప్పున పడుతుంది. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్ల ధరే 3.40 అవుతుంది, తర్వాతి వందకు 4.80. ఇక 200 దాటితే మొదటి యూనిట్ నుంచి 200వ యూనిట్ వరకు అన్నింటికీ 5.10 చొప్పున కట్టాలి. ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9.00, 800 వరకు 9.50, అది కూడా దాటితే 10 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం వీటికి అదనం. మీ తాజా బిల్లులో రేట్లు మారి ఉంటే ఈ లెక్కల్లో ఆ రేట్లనే వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ఈ లెక్కలో 200 దగ్గర పెద్ద మెట్టు ఉంది. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జీ 820 రూపాయలు. మరొక్క యూనిట్ కాలి 201 అయితే 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు దాటింది. నెలకు 260 యూనిట్లు కాల్చే ఇల్లు 1,482 రూపాయలు కడుతుంది. అదే ఇల్లు ఏదో విధంగా 195కు దిగితే కట్టేది 796. తగ్గినవి 65 యూనిట్లు, మిగిలినవి 686 రూపాయలు, అంటే తగ్గించిన ప్రతి యూనిట్‌కు పది రూపాయల పైచిలుకు తిరిగి వచ్చినట్టు. మీ ఇంటి వాడకం 200కు 300కు మధ్య ఊగుతూ ఉంటే, ఈ నగరంలో కరెంటు పొదుపు వల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది మీరే.

2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో ఉన్న కుటుంబాలకు ఈ గీత ఇంకా పదునైనది. 200 లోపు ఉంటే సున్నా బిల్లు వస్తుంది, దాటిన నెలలో మొత్తం బిల్లూ కట్టాలి. వేసవి మూడు నెలలు ఆ గీతకు ఇవతల ఉండగలగడమే వారికి అసలైన ఆదా.

ఇక్కడే మరొక మాట చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట వంటి చోట్ల ఒకే మీటరు మీద రెండు మూడు పోర్షన్లు నడిచే ఇళ్లు చాలా ఉన్నాయి. మూడు కుటుంబాలు ఒక్కొక్కటి 110 యూనిట్లే వాడినా మీటరు దృష్టిలో అది 330 యూనిట్ల ఇల్లు. అప్పుడు మొత్తం చార్జీ 2,060 రూపాయలు అవుతుంది. అదే ఎవరి మీటరు వారికి ఉంటే ఒక్కొక్కరికి 388 చొప్పున ముగ్గురికీ కలిపి 1,164 మాత్రమే. పోర్షన్‌కు ఒక మీటరు పెట్టించమని యజమానిని అడగడానికి ఈ లెక్కను కాగితం మీద చూపించండి, మాటలతో చెప్పడం కంటే అది బాగా పనిచేస్తుంది.

మీటరు చూసి ఏ వస్తువు ఎంత తింటుందో తెలుసుకోండి

డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మెరుస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అన్నది మీటరు మీదే ముద్రించి ఉంటుంది. ఆ సంఖ్య 3,200 అనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాన్ మాత్రమే తిప్పినప్పుడు దీపం నిమిషానికి 4 సార్లు మెరిసిందంటే, గంటకు 240 సార్లు, అంటే ఆ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటోందన్నమాట. ఇదే విధంగా ఫ్రిజ్, ఇన్వర్టర్, టీవీ, మోటరు ఒక్కొక్కటిగా చూడండి.

అన్నీ ఆపిన తర్వాత కూడా దీపం మెరుస్తూ ఉంటే ఎక్కడో కరెంటు పోతోందని అర్థం. చాలా ఇళ్లలో దానికి కారణం ఇన్వర్టర్ బ్యాటరీయే. ముసలిదైపోయిన బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా చార్జ్ కాదు కాబట్టి రాత్రింబవళ్లు కరెంటు లాగుతూనే ఉంటుంది. మీ ప్రాంతంలో కోతలు అరుదైపోతే ఆ బ్యాటరీని మార్చాలా, అసలు తీసేయాలా అన్నది ఆలోచించవలసిన విషయమే. దాన్ని విడదీసినా దీపం ఆగకపోతే వైరింగ్‌లో లీకేజీ ఉండవచ్చు, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించాలి. అది డబ్బుకంటే ముందు ప్రాణానికి సంబంధించిన సంగతి.

ఇకనుంచి నెలలో ఒకే తేదీన, ఆ తర్వాత పది రోజులకొకసారి రీడింగ్ రాసుకుంటూ ఉండండి. ఇరవయ్యో రోజుకే 150 దాటిపోతే మిగిలిన పది రోజులు ఎలా నడపాలో తెలుస్తుంది.

ఎండను ఇంటి బయటే ఆపండి

కొనుగోళ్లకు ముందు చేయవలసిన పని ఇది. అన్నింటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురవుతున్న పని కూడా ఇదే. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే రెండో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దక్షిణపు కిటికీల నుంచి అప్పుడు ఎండ దాదాపు రాదు. వేడంతా పైకప్పు మీద పడుతుంది, మూడు దాటాక పడమటి గోడ మీద పడుతుంది. కాంక్రీటు స్లాబు పగలంతా ఆ వేడిని మింగి, సాయంత్రం ఏడు తర్వాత మెల్లగా గదిలోకి వదులుతుంది. పై అంతస్తులో ఉండేవారికి బయట చల్లబడిన తర్వాత కూడా లోపల ఉక్కగా ఉండడానికి కారణం ఇదే, వారి ఏసీ అర్ధరాత్రి దాకా పోరాడేది గాలితో కాదు, ఆ స్లాబుతో.

పైకప్పుకు తెల్లటి పూత వేయడం దీనికి చవకైన మందు. మన ముందుతరం వారు ఏటా వేసవికి ముందు సున్నం కొట్టించింది అందుకే. సున్నం చవక, కాని ఒక వానాకాలానికి కొట్టుకుపోతుంది. కూల్ రూఫ్ పెయింట్ పేరుతో అమ్మే పూతలు కొన్నేళ్లు నిలుస్తాయి. పాత మిద్దెను ఎలాగూ లీకేజీ కోసం బాగుచేయించే పని ఉంటే తెల్లటి టైల్స్‌గాని, పగిలిన పింగాణీ ముక్కల పరుపుగాని వేయించుకోవడం మేలు. కప్పు ఉన్న తీరును బట్టి గది లోపల వేడి 2 నుంచి 5 డిగ్రీలదాకా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మీ ఇల్లు 120 గజాలదే అయినా అదే ఎండ, అదే స్లాబు కదా.

పూత వేయించేటప్పుడు మూడు విషయాలు చూడండి. మార్చి మొదటి వారానికి పని పూర్తయిపోవాలి. ముందు మిద్దెను గట్టి చీపురుతో ఊడ్చి, నీళ్లతో కడిగి, పగుళ్లు పూడ్చాలి. ఒక పూత ఆరిన తర్వాతే రెండో పూత వేయాలి. ఆ తర్వాత దుమ్ము పేరుకుంటే తెల్లదనం పోయి ఫలితం తగ్గుతుంది కనుక వేసవిలో నెలకొకసారి కడగండి.

పడమటి గోడకు, కిటికీకి ఎండ తగలకుండా చేసే ఏ ఏర్పాటైనా బయటి వైపే ఉండాలి. గది లోపల ఎంత మందపాటి తెర వేసినా, అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి తిరిగి బయటికి పోదు. కిటికీ బయట వెదురు తడికగాని, షేడ్ నెట్‌గాని, సన్‌షేడ్ కిందికి వేలాడే చాపగాని సరిపోతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు కూడా గోడకు చిల్లు పెట్టకుండా గ్రిల్‌కు కట్టుకోవచ్చు. ఉదయం తొమ్మిదికల్లా తలుపులు, కిటికీలు మూసి, రాత్రి బయటి గాలి చల్లబడగానే ఎదురెదురు కిటికీలు తెరవండి. దక్కను పీఠభూమి మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న మన నగరానికి రాత్రి చల్లబడే గుణం ఉంది, దాన్ని వాడుకోవాలి.

కూలర్ గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ చక్కగా పనిచేస్తుంది. అది తీసుకునేది 150 నుంచి 200 వాట్లు, ఏసీ తీసుకునే దానిలో ఏడెనిమిదో వంతు. కిటికీ బయట పెట్టి, ఎదురుగా మరొక కిటికీ తెరిచి ఉంచితేనే ఫలితం. మృగశిర కార్తె దాటి తొలకరి వానలు పడ్డాక గాలిలో తేమ పెరుగుతుంది, అప్పుడు కూలర్ చెమ్మను మాత్రమే ఇస్తుంది. ఆ కొద్ది వారాలకు ఫ్యాన్లతోనే సరిపెట్టుకోవచ్చు.

తర్వాత ఫ్యాన్లు, ఆ తర్వాతే ఏసీ

బల్బులు ఇప్పటికే చాలా ఇళ్లలో ఎల్‌ఈడీకి మారిపోయాయి, ఇంకా ట్యూబ్‌లైట్లు మిగిలి ఉంటే అవి పాడైనప్పుడు మార్చండి చాలు.

ఫ్యాన్ల విషయంలో మాత్రం ఆగవద్దు. పాత రకం సీలింగ్ ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ మోటరు ఉన్న ఫ్యాన్ 28 నుంచి 35 వాట్లతో అంతే గాలినిస్తుంది. తేడా 45 వాట్లు అనుకుని రోజుకు 12 గంటలు తిప్పితే, ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే 48 యూనిట్లు, అంటే పైన చెప్పిన 260 యూనిట్ల ఇల్లు 212కు దిగింది. ఇక మిగిలినది కొంచెమే. ఎక్కువ గంటలు తిరిగే హాల్లో, పడకగదిలో ముందు మార్చండి, అరుదుగా వాడే గదిలోని ఫ్యాన్ అలాగే ఉండవచ్చు. అద్దెకున్నవారు పాత ఫ్యాన్లను అటక మీద దాచి, ఇల్లు మారేటప్పుడు తమవి తీసుకుని వాటిని తిరిగి బిగించి వెళ్లవచ్చు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి లేబుల్ లేని ఫ్యాన్ కొనవలసిన అవసరం లేదు.

ఫ్రిజ్‌ను గోడకు ఆనించకుండా వెనుక ఒక జానెడు వదలండి, పొయ్యి పక్కన, ఎండ తగిలే చోట పెట్టకండి. తలుపు రబ్బరు వదులైందో లేదో తెలుసుకోవడానికి ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగండి. తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు మార్పించాలి. సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోటరు గంటకు దాదాపు ఒక యూనిట్ తింటుంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా ఎవరూ గమనించని ఇళ్లలో రోజుకు అరగంట వృథా అయినా నెలకు 15 యూనిట్లు పోతాయి. నీరు నిండగానే మోటరును ఆపే చిన్న కంట్రోలర్ బిగిస్తే ఇటు కరెంటు, అటు మంజీరా నీళ్లు రెండూ మిగులుతాయి.

ఏసీ కొనేవారు నక్షత్రాలను కాక, లేబుల్ మీద ముద్రించిన వార్షిక యూనిట్ల సంఖ్యను చూడాలి. స్టార్ లేబుళ్లను నిర్ణయించే కేంద్ర సంస్థ బీఈఈ ఆ సంఖ్యను ఏడాదికి 1,600 గంటల వాడకానికి లెక్కగడుతుంది. మీరు వేసవిలో 90 రాత్రులు, రాత్రికి 8 గంటలు వేస్తే 720 గంటలే అవుతుంది. త్రీ స్టార్‌కు, ఫైవ్ స్టార్‌కు లేబుల్ మీద 200 యూనిట్ల తేడా కనిపిస్తే మీకు వచ్చే ఆదా 90 యూనిట్లు, 9 రూపాయల చొప్పున ఏడాదికి 810 రూపాయలు. ధరలో తేడా 8,000 అయితే తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. పగలు కూడా ఇంట్లో పనిచేసుకునేవారికి, వృద్ధులు ఉన్న ఇంటికి ఫైవ్ స్టార్ న్యాయం, రాత్రి మాత్రమే వేసుకునేవారికి త్రీ స్టార్ ఇన్వర్టర్ ఏసీ చాలు, మిగిలిన ఆ ఎనిమిది వేలతో మిద్దెకు తెల్లపూత వేయించుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుందని నా గట్టి అభిప్రాయం. ఏసీని 24 లేదా 26 దగ్గర ఉంచి పైన ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బీఈఈ చెబుతోంది. ఫిల్టరును పదిహేను రోజులకొకసారి కడగండి.

వేడినీళ్లు

20 లీటర్ల బకెట్ నీటిని 22 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడిచేయడానికి 0.42 యూనిట్ కావాలి. నలుగురికి నాలుగు బకెట్లంటే నెలకు 50 యూనిట్లు. ఏ గీజర్ కొన్నా ఈ సంఖ్య తగ్గదు. గీజర్‌ను మరిచిపోయి వదిలేస్తే, లేదా 65 డిగ్రీల దాకా కాచి మళ్లీ చన్నీళ్లు కలుపుకుంటూ ఉంటే మాత్రం పెరుగుతుంది. థర్మోస్టాట్‌ను 45-50 దగ్గర ఉంచి, స్నానానికి పది నిమిషాల ముందు వేసి, ఒకరి తర్వాత ఒకరు స్నానాలు ముగించుకోండి. సొంత మిద్దె ఉన్నవారికి గాజుగొట్టాల సోలార్ వాటర్ హీటర్ మంచి ఎంపిక, నలుగురైదుగురు ఉన్న ఇంటికి 200 లీటర్లది సరిపోతుంది. బోరునీళ్లు వాడే ఇళ్లలో గీజర్ కాయిల్‌కు, సోలార్ గొట్టాలకు తెల్లటి ఉప్పు పేరుకుని పని మందగిస్తుంది కాబట్టి ఏడాదికొకసారి శుభ్రం చేయించాలి. వీలైతే వీటికి మంజీరా లేదా కృష్ణా నీటి కనెక్షన్ ఇప్పించండి.

కరెంటుకు మారే ముందు వైరింగ్ చూపించండి

ఇంతవరకు చెప్పినవి వాడకాన్ని తగ్గించే పనులు. ఇకమీదట పెట్రోలు, గ్యాస్ స్థానంలో కరెంటును తెచ్చుకునే పనులు. వాటికి ముందు ఒక నమ్మకమైన ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్, మెయిన్ స్విచ్, వైర్ల మందం పరీక్ష చేయించండి. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ను మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టకూడదు, దానికి 16 ఆంపియర్ల సాకెట్, బోర్డు దాకా విడిగా 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉండాలి. ఎర్త్ లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ముందు అది పెట్టించండి. లోడ్ పెరుగుతున్నప్పుడు బిల్లు మీద ఉన్న కాంట్రాక్టెడ్ లోడ్‌ను, అంటే మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లను కూడా సెక్షన్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి పెంచుకోవాలి.

మొదట స్కూటర్

కరెంటుకు మార్చుకోవలసిన వస్తువుల్లో ఏ కరెంటు రేటు పడుతున్నవారికైనా లాభం ఇచ్చేది ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక్కటే. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవారి పెట్రోలు స్కూటర్ లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తే 22 లీటర్లు కావాలి, లీటరు 107 రూపాయల లెక్కన 2,350 పైనే అవుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ అంతే దూరానికి చార్జింగ్ నష్టంతో కలిపి 40 యూనిట్లలోపు తీసుకుంటుంది, యూనిట్ 9 రూపాయలైనా 360. మీకు గృహజ్యోతి లేకపోతే, ఆ 40 యూనిట్లు మిమ్మల్ని 200 గీత దాటించినా నెలకు పదిహేను వందలకు తక్కువ కాకుండా మిగులుతుంది. 2024 నవంబరులో వచ్చిన రాష్ట్ర ఎలక్ట్రిక్ వాహన విధానం 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములను పూర్తిగా మినహాయించింది. నెలకు 300 కిలోమీటర్లు కూడా తిరగనివారు ఉన్న బండి పాడయ్యేవరకు ఆగడమే మంచిది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు పార్కింగ్ దగ్గర సొంత మీటరు నుంచి తీగ లాగి, ఎంసీబీ (లోడ్ మించితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) ఉన్న డబ్బాలో 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకోవాలి. మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీయడం, బ్యాటరీని గుమ్మం పక్కన పెట్టి రాత్రంతా చార్జ్ చేయడం దయచేసి చేయవద్దు.

పొయ్యిని సగమే మార్చండి

14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుకు సమానం. గ్యాస్ పొయ్యి దానిలో 60 శాతాన్ని గిన్నెకు అందిస్తుంది, ఇండక్షన్ అయితే తనకు వచ్చిన కరెంటులో 85 శాతాన్ని అందిస్తుంది. ఈ లెక్కన ఒక సిలిండర్ చేసే వంటకు ఇండక్షన్ మీద 130 యూనిట్లు కావాలి. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో సిలిండర్ ధర 905 రూపాయలయింది. ఆ ధరను 130తో భాగిస్తే దాదాపు 7 వస్తుంది. అంటే మీకు పడే అదనపు యూనిట్ ధర 7 రూపాయల లోపు ఉంటేనే ఇండక్షన్ లాభం.

150 యూనిట్లు కాలుస్తూ, 40 రోజులకు ఒక సిలిండర్ వాడే కుటుంబాన్ని తీసుకోండి. వంటంతా ఇండక్షన్‌కు మారిస్తే నెలకు 97 యూనిట్లు పెరిగి 247 అవుతాయి, కరెంటు చార్జీ 580 నుంచి 1,382కు చేరుతుంది. మిగిలిన గ్యాస్ 679 రూపాయలది మాత్రమే, కనుక 123 రూపాయల నష్టం. అదే కుటుంబం సగం వంటనే మారిస్తే 198 యూనిట్లతో 810 రూపాయలు, గ్యాస్‌లో 339 మిగిలి, నికరంగా 109 రూపాయల లాభం. బియ్యం, పప్పు కుక్కరు, పాలు, టీ, నీళ్లు కాచుకోవడం ఇండక్షన్ మీద, రొట్టెలు, తాళింపు, వేపుళ్లు గ్యాస్ మీద ఉంచుకుంటే చేతి అలవాటు కూడా చెడదు. గిన్నె అడుగుకు అయస్కాంతం అతుక్కుంటే అది ఇండక్షన్‌కు పనికొస్తుంది, అల్యూమినియం, రాగి, మట్టి పాత్రలు పనికిరావు. మహాలక్ష్మి పథకంలో 500 రూపాయలకే సిలిండర్ అందుతూ, 100 యూనిట్లు దాటి కరెంటు బిల్లు కడుతున్న ఇంటికి ఇండక్షన్ వల్ల ఏ ఆదా లేదు, అక్కర్లేని ఖర్చు పెట్టవద్దు.

సోలార్: ఎవరికి, ఎంత

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. నెలకు 350 యూనిట్లు కాల్చి 2,240 రూపాయలు కట్టే ఇంటికి 3 కిలోవాట్లు సరిపోతుంది, సబ్సిడీ పోగా లక్షా పాతికవేల లోపు ఖర్చయితే ఐదేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. 180 యూనిట్లతో 724 రూపాయలు కట్టే ఇంటికి అదే పెట్టుబడి బిల్లు ఆదాతోనే తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు పడుతుంది. గృహజ్యోతి ఇంటికి మిగిలేదేమీ ఉండదు. ఈ తేడా చెప్పకుండా అందరికీ ఒకే మాటతో అమ్మేవారిని నమ్మకండి.

దరఖాస్తు పథకం పోర్టల్‌లోనే చేయాలి. కనెక్షన్ మీద ఉన్న పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటిగా ఉన్నాయో లేదో ముందే సరిచూసుకోండి, తండ్రి పేరు మీద ఉండిపోయిన మీటర్లు మన ఇళ్లలో చాలా ఉంటాయి. నమోదైన విక్రేతల్లో ముగ్గురి దగ్గర రాతపూర్వక కొటేషన్ తీసుకుని, ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ రెండూ దేశీయంగా తయారైనవేనని అందులో రాయించుకోండి, లేకపోతే సబ్సిడీ రాదు. ప్యానెళ్లు దక్షిణం వైపు, 15-17 డిగ్రీల వాలుతో ఉండాలి. నీళ్ల ట్యాంకు నీడ ఉదయం తొమ్మిది నుంచి మూడు దాకా ఎక్కడ పడుతుందో జనవరిలో ఒకరోజు మిద్దె మీద సుద్దతో గీసి చూడండి, ఆ కాలంలోనే నీడ పొడుగ్గా ఉంటుంది. స్టాండు బిగించడానికి స్లాబులో రంధ్రాలు చేస్తే వాటర్‌ప్రూఫింగ్ బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండాలి.

బ్యాటరీ లేని సోలార్, కరెంటు పోయినప్పుడు తనంతట తానే ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే సిబ్బంది ప్రాణరక్షణ కోసం అలా ఏర్పాటు చేశారు. మిగులు యూనిట్లకు విద్యుత్ సంస్థ చెల్లించే ధర మీరు కొనే ధర కంటే చాలా తక్కువ కాబట్టి అవసరానికి మించి పెట్టించుకోవద్దు. ఇండక్షన్‌కు పూర్తిగా మారాలన్న కోరిక ఉన్నవారు మాత్రం ఆ 97 యూనిట్లను కూడా కలుపుకుని పరిమాణం నిర్ణయించుకోవచ్చు, అప్పుడు పైన చెప్పిన నష్టం లాభంగా మారుతుంది.

అపార్ట్‌మెంట్ల వారు లిఫ్టు, మోటర్లు, మెట్ల దీపాల ఉమ్మడి మీటరు కోసం సంఘం తరఫున దరఖాస్తు చేసుకోవచ్చు, కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. సర్వసభ్య సమావేశంలో ఉమ్మడి మీటరు 12 నెలల బిల్లులు, మూడు కొటేషన్లు, మిద్దె మీద పట్టే చోటు కొలత పెట్టి తీర్మానం రాయించండి. పై అంతస్తు వారు అడిగే తెల్లపూతను కూడా అదే తీర్మానంలో చేర్చి, ప్యానెళ్లు బిగించకముందే ఆ పని చేయించండి, ఎందుకంటే స్టాండ్లు నిలబడ్డాక వాటి కింద మిద్దెను కడిగి పూత వేయడం కష్టం. వచ్చిన, పంపిన కరెంటు రెండింటినీ లెక్కించే నెట్ మీటరు బిగించిన తర్వాత వచ్చే మొదటి మూడు బిల్లుల్లో లోపలికి వచ్చిన యూనిట్లు, బయటికి పంపిన యూనిట్లు రెండూ విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూసి, తేడా ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.